గంట కొట్టందే కదలని రైలు

కృష్ణప్ప బంగారు గనిలో ముప్పై ఏళ్లు వైండింగ్ ఇంజను డ్రైవరు. ఆయన నడిపిన బండి ఏనాడూ అడ్డంగా పోలేదు. దూరంగా ఇంజను గదిలో ఆయన మీట తిప్పితే, ఇనప తాడుకు వేలాడే మనుషుల బోను గనిలోకి దిగేది, లేకుంటే పైకి వచ్చేది. అయినా రాబర్ట్‌సన్‌పేట బొమ్మల దుకాణంలో రోజూ స్టూలు మీద కూర్చుని, కరెంటు రైలు కొనేవాళ్లకు అడక్కుండానే సలహాలిస్తాడు. ఇంజనును అరచేతిలో పెట్టి బరువు చూస్తాడు. పట్టాల అతుకుల మీద గోరు గీస్తాడు. ట్రాన్స్‌ఫార్మరునైతే కర్బూజ పండులా వాసన చూస్తాడు.

నిన్న బ్యాంకు గుమాస్తా ప్రహ్లాద తన మొదటి రైలు కోసం వచ్చి, ఎనిమిది పెట్టెల ఎక్స్‌ప్రెస్ పట్టుకున్నాడు.

“దించప్పా. కొత్తోడికి రెండు పెట్టెలు చాలు. ఇంగ పట్టాలు ఎక్కువ తీసుకో,” అంటూ కృష్ణప్ప బల్ల మీద చిన్న రైలు నిలబెట్టి, మీట మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు.

“కరెంటు లేదా సార్?”

“ఉండాది. నువ్వు గంట కొట్టు. గనిలో మూడు కొడితే బోన్లో మనుషులు ఉండారని.”

“బొమ్మకు గంట ఏమిటికి సార్?”

“ముప్పై ఏండ్లు నేను దించినోళ్ల మొగం ఒక్కనాడూ చూళ్లేదప్పా. గంట వింటేనే తెలిసేది.”

ప్రహ్లాద ఒంగి ఖాళీ పెట్టెల్లోకి చూసి, టీ గ్లాసు మీద పెన్నుతో మూడుసార్లు కొట్టాడు.