అన్ని ఇళ్ళ బియ్యం

మొన్న బాపట్లలో ఎవరో సేవా సంస్థవారు బియ్యం పంచుతూ రమ్మంటే వెళ్ళాను. ఆడవాళ్ళు వరసగా వచ్చి బస్తా అందుకుని, ఫోటో తీసేదాకా దాన్ని పట్టుకుని నిలబడి, మాటాపలుకూ లేకుండా వెళ్ళిపోయారు. ఇచ్చినవాళ్ళు మంచివాళ్ళే, బియ్యమూ మంచివే. కానీ తెనాలి తిరిగొచ్చే రైల్లో కూర్చున్నాక, నిరుడు పోయిన మా పిన్ని మీదికే మనసు పోయింది.

ఎనభైల్లో, తుఫాను తర్వాత, రేపల్లెకు దిగువనున్న ఒక పల్లెలో పిన్ని పిల్లల కేంద్రం నడిపేది. టీచరు ట్రైనింగు ముగించి, ఉద్యోగం రాక, నేను ఆవిడకు తోడుగా వెళ్ళాను. విదేశీ సంస్థ ఒకటి పంపే గోధుమరవ్వ, పాలపిండి, నూనె లారీలో వచ్చేవి. కూలికి పోయే తల్లుల పిల్లలకు పొద్దుటిపూట వాటితో జావ కాచి పోసేవాళ్ళం. ఆ పాలపిండి వాసన మా వయసువాళ్ళకు ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది.

ఒక ఏడాది, ఊడ్పులు అయిపోయి కూలి పనులు లేని రోజుల్లో, ఆ సరుకు ఆగిపోయింది. కోతల దాకా రాదని కబురు చేశారు. ఈలోగా కేంద్రం మూసేస్తే, తుఫాను తర్వాత ఇప్పుడిప్పుడే ఒళ్ళు చేస్తున్న పిల్లలు మళ్ళీ ఎండిపోతారని పిన్ని భయం.

మా క్రైస్తవ సంఘం ఇళ్ళలో ఎసట్లో బియ్యం పోసేముందు గుప్పెడు తీసి విడిగా ఒక ముంతలో వేసి, ఆదివారం గుడికి పట్టుకెళ్ళే అలవాటు ఉండేది. పిన్ని ఆ అలవాటును ఊళ్ళోకి తీసుకుపోయింది. నేను సంచీ పట్టుకుని వెనక నడిచేదాన్ని. రైతుల వీధిలో ఒక పెద్దావిడ, మీ దేవుడి పేరు మీద అడుగుతున్నావా అమ్మాయ్ అంది. పిల్లల పేరు మీదండి అత్తయ్యగారూ అంది పిన్ని. "అయితే మా కోడల్ని అడుగు, నా గుప్పెడు చిక్కిపోయింది" అని ఆవిడ లోపలికి కేకేసింది.

కూలివాళ్ళ పేటలో మాత్రం పిన్ని అడగలేదు. తమకే లేనివాళ్ళను ఏం అడుగుతాం అనుకుంది. ఆ సంగతి తెలిసి, రోజూ పిల్లలిద్దర్నీ దింపడానికి వచ్చే ఒక తల్లి గుమ్మంలోనే నిలేసింది.

"ఏంటక్కా, మా గుమ్మం దాటి పోతన్నారంట? మా చేతిలో గుప్పెడు ఉండదనా?"

"ఉండని రోజులుంటాయి కదే, ఎట్లా అడగను?"

"లేని రోజు వెయ్యం, ఉన్న రోజు వేస్తాం. అది కూడా మీరే చెప్పాలా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. పిన్ని కూడా నవ్వింది గాని, కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఆ మర్నాటి నుంచి పాత సన్నబియ్యం, కోటా దొడ్డుబియ్యం, నూకలు అన్నీ ఒకే గిన్నెలో పడేవి. ఒకటి మెత్తగా ఉడికేసరికి ఇంకొకటి పలుకుగా ఉండేది. తల్లులు పొయ్యి దగ్గరే చతికిలబడి, ఈ రాళ్ళు ఎవరింటివో అని దెప్పుకుంటూ ఏరేవాళ్ళు. మధ్యలో ముసురు పట్టి ముంతలు దాదాపు ఖాళీగా వచ్చినప్పుడు, ఇక మూసేద్దామని అన్నది నేనే. పిన్ని నీళ్ళు ఎక్కువ పోసి పొయ్యి వెలిగించింది. కోతలు మొదలయ్యేదాకా పిల్లలు పలచనిదో చిక్కనిదో తాగుతూనే ఉన్నారు, ఎవరూ మంచాన పడలేదు.

తర్వాత లారీ మళ్ళీ వచ్చింది. ఇళ్ళ బియ్యం ఇంక వద్దని, శుభ్రంగా ఉండవని సంస్థవాళ్ళు చెప్పారు. వాళ్ళ మాటా న్యాయమే. అలవాటుకొద్దీ కొన్నాళ్ళు ముంతలు వచ్చాయి, ఆపైన మానేశాయి. తల్లులు పిల్లల్ని గుమ్మంలో వదిలి, బయటినుంచే వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. పిన్ని ఆ తర్వాత కర్లపాలెం వైపు చాలా ఏళ్ళు పనిచేసింది, అయినా నేను కనిపిస్తే చెప్పుకునేది ఆ కొద్ది నెలల సంగతే.

ఇప్పుడు ఆ పేటలో అన్నీ డాబాలే. ఎవరికీ ఎవరి గుప్పెడూ అక్కర్లేదు. అది మంచిదే, పిన్ని కోరుకున్నదీ అదే. ఆవిడ ఎవరింటికి వెళ్ళినా ఏదో ఒకటి అడిగేది, నన్నూ ఊరికే కూర్చోనిచ్చేది కాదు. ఈ వయసులో నాకు పెట్టేవాళ్ళున్నారు, చూసుకునేవాళ్ళున్నారు. నన్ను ఏదైనా ఇమ్మని అడిగేవాళ్ళే లేరు.