ఐదంగుళాలు పైకెక్కిన మూత

2010 మే 18, మంగళవారం, ఉదయం ఏడుంబావు. అమెరికాలో క్యారీ పక్కనున్న ఒక చిన్న టౌన్‌లో, పల్లపు వీధిలో తవ్విన కాలవ గట్టు మీద నిలబడి ఉన్నాను. అప్పటికి టౌన్ పబ్లిక్ వర్క్స్‌లో నాది తొమ్మిదేళ్ల సర్వీసు. క్రూ లీడర్‌నై మూడేళ్లు. క్రూ లీడర్ అంటే పెద్ద హోదా ఏం కాదు. మెషీన్ నడిపేవాడికి ఒక మెట్టు పైన, ఇంజనీరుకి చాలా మెట్లు కింద. పని చెడితే మాత్రం మొదట పిలిచేది క్రూ లీడర్‌నే.

పని వాననీటి పైపు మార్చడం. వీధిలో పడ్డ వాన రోడ్డు అంచునున్న ఇనప జాలీల్లోంచి దిగి, భూమి లోపలి పైపులోంచి వాగులోకి పోవాలి. పాత పైపు తుప్పుపట్టి కూలిపోయింది. కొత్తదానికి రాష్ట్రం గ్రాంటు మంజూరు చేసింది. గ్రాంటంటే ముందే చేతిలో పెట్టే డబ్బనుకుంటారు జనం. కాదు. ముందు టౌన్ ఖర్చు పెట్టుకోవాలి. డ్రాయింగులో ఉన్నట్టే చేశామని రాష్ట్రం ఇన్‌స్పెక్టర్ ఒప్పుకుంటేనే వెనక్కి ఇస్తారు. కొలత తేడా వస్తే ఎందుకొచ్చిందో రాసిచ్చి తీరాలి. గడువు జూన్ ఆఖరు.

ఆ పల్లంలో ఆఖరి ఇల్లు రమణమ్మది. కింది గదిలో మూడు మిషన్లు పెట్టుకుని జాకెట్లు కుట్టేది. చుట్టుపక్కల తెలుగువాళ్ల పెళ్లంటే జాకెట్లు ఆమె దగ్గరే. అంతకుముందు ఏడాది గది రెండుసార్లు మునిగి, ఎవరెవరివో పట్టుచీరలు తడిసిపోయాయి. ఇంకొక్కసారి నీళ్లొస్తే మిషన్లు అమ్మేస్తానని తేల్చి చెప్పింది. రోజూ పొద్దున్నే గట్టు మీదికొచ్చి మమ్మల్ని తనిఖీ చేసేది.

"అన్నా, పెళ్లికూతురి జాకెట్టు నేను మూడు రోజుల్లో ఇస్తా. మీకు ఒక్క గొట్టానికి మూడు వారాలా?"

"నీ జాకెట్టు మీద లారీలు తిరగవు కదమ్మా" అనేవాణ్ణి.

మా దగ్గర మట్టం చూసే లేజర్ ఉంది. అయినా పైపు దించేముందు నేను నీళ్ల ట్యూబు పట్టి చూస్తాను. ప్రకాశం జిల్లాలో తాపీ పని చేసిననాటి అలవాటు. లోపల కనపడే సన్న గొట్టంలో నీళ్లు నింపి, రెండు కొసలూ రెండు చోట్ల ఎత్తి పట్టుకుంటే నీళ్లు రెండు పక్కలా ఒకే మట్టానికొచ్చి ఆగుతాయి. దానికి బ్యాటరీ అక్కర్లేదు, చదువూ అక్కర్లేదు. ఎక్స్‌కవేటర్ నడిపే ఎర్ల్ "మళ్లీ తీశాడయ్యా పామును" అని నవ్వాడు. కూలి పనికొచ్చే లూయిస్ రెండో కొస పట్టుకున్నాడు. నీళ్లు బాగా కనపడాలని రమణమ్మ ఇంట్లోంచి చిటికెడు నీలిమందు తెచ్చి వేసింది.

నూటిరవై అడుగుల కాలవని మూడు విడతల్లో కొలిచాను. వాగు వైపు కాలవ అడుగుభాగం నాలుగంగుళాలు పల్లంగా ఉండాలి. అంగుళం ఎత్తుగా ఉంది. మళ్లీ కొలిచాను. అదే. ఆ వాలున పైపు వేస్తే వాన మొత్తం రమణమ్మ గుమ్మంలోకే.

ఇంజనీరు మేగన్‌ని పిలిపించాను. చిన్న వయసు, మంచి పనిమంతురాలు. ట్యూబులో గాలి బుడగ ఉందేమో అంది. న్యాయమైన ప్రశ్నే. బుడగ లేకుండా చేసి ఆమెనే పట్టుకోమన్నాను. నీలం గీతని రెండు కొసల్లోనూ చూసింది. తర్వాత డ్రాయింగు పరిచి, ఎత్తులు దేన్నుంచి కొలిచారో చూసింది. ఎగువన చర్చి మెట్టు మీద ఎత్తు గుర్తుకి బిగించిన ఇత్తడి బిళ్ల. దిగువన రోడ్డు మధ్య మ్యాన్‌హోల్ మూత. ఆ మూతని ఎవరైనా కదిపారా అని అడిగింది.

కదిపింది నేనే. రెండేళ్ల కిందట రోడ్డు గుంట పూడ్చి కొత్త తారు పోసినప్పుడు, రెండు ఇనప రింగులు వేసి మూతని ఐదంగుళాలు పైకి లేపాను. లేపినట్టు ఒక ఫారం నింపి ఆఫీసులో ఇవ్వాలి. ఇవ్వలేదు. మర్చిపోయానంటే అబద్ధం. నేను అక్షరాలు నేర్చింది నలభై ఒకటో ఏట, ఇక్కడి లైబ్రరీ క్లాసులో. చదవడం వచ్చింది గానీ, రాయాలంటే చెమటలు పట్టేవి. ఫారం ట్రక్కు సొరుగులో పడేశాను. ఆఫీసు రికార్డులో మూత పాత ఎత్తులోనే ఉండిపోయింది. దాన్నుంచి కొలిచి తవ్విన కాలవ ఆ ఐదంగుళాలూ పైనే ఆగింది.

ఆ సంగతి తెలిసిన ఎర్ల్ నన్ను పక్కకి లాగి, ఐదంగుళాలు లోతుగా తవ్వేస్తా, నువ్వు నోరు మూసుకో అన్నాడు. మేగన్ వినేసింది. పని అయ్యాక రాష్ట్రంవాళ్లు ఆ మూత నుంచే కొలుస్తారు, లెక్క తప్పుతుంది, గ్రాంటు ఆగిపోతుంది అంది. మూత లేపినవాడే రాసివ్వాలి, వేరే దారి లేదని తేల్చేసింది.

ఏంటి గొడవ అని రమణమ్మ అడిగితే చెప్పాను.

"నువ్వు చేసిందేనా?"

"నేనే."

"కొలత తప్పితే నేను కుట్లు విప్పి మళ్లీ కుడతా. నువ్వూ విప్పు. రాయి."

ట్రక్కు బానెట్ మీద ఫారం పెట్టి రాశాను. ముప్పావుగంట పట్టింది. ఈలోగా రమణమ్మ పులిహోర తెచ్చింది. ఎండుమిరపకాయ పక్కన పెట్టమని చెప్పేలోపే ఎర్ల్ నమిలేశాడు. లూయిస్ గట్టు మీద కూలబడి నవ్వాడు. ఎర్ల్ కళ్లు తుడుచుకుంటూ, ఇంకా ఉందా అని ప్లేటు చాపాడు.

గురువారం ఇన్‌స్పెక్టర్ వచ్చి కాగితం రెండుసార్లు చదివాడు. రింగులు రెండా, మూడా అని ఒక్కటే అడిగాడు. రెండన్నాను. సంతకం పెట్టాడు. కాలవ అడుగుభాగాన్ని ఐదంగుళాలు దించి, గడువులోపే పైపు వేశాం. గ్రాంటు పూర్తిగా వచ్చింది.

జూన్‌లో ఒక ఆదివారం కుండపోత. నేను రెయిన్‌కోటు వేసుకుని ఆ వీధికి డ్రైవ్ చేశాను. వాగు దగ్గర అప్పటికే ఎర్ల్, లూయిస్ తడుస్తూ నిలబడి ఉన్నారు. వాళ్లని ఎవరూ రమ్మనలేదు. పైపు నోట్లోంచి నీళ్లు ఉరుకుతున్నాయి. రమణమ్మ కిటికీలోంచి అరిచింది. "నేల పొడిగా ఉందన్నా. ఆ నీళ్లు చూసింది చాలు, వచ్చి కాఫీ తాగండి."

నేను నేర్చుకున్నది ఒకటే. ఇనప మూత ఎత్తితే, ఆ రోజే రాయాలి. తర్వాత పదకొండేళ్లు ఉద్యోగం చేశాను, ఏ ఫారమూ సొరుగులో పెట్టలేదు.

బానెట్ మీద రాసిన ఆ ఫారం ఆఖరి గడిలో, రాసేటప్పుడు అక్కడున్నవాళ్ల పేర్లు రాయమని ఉంది. నా చేత్తో రాసింది ఇది: ఎర్ల్, లూయిస్, మేగన్, రమణమ్మ, మూత లేపిన కోటయ్య.