దేవుడి పత్రికకే ఆగిపోయే కంప్యూటర్

ముందే చెబుతున్నాను. ఈ కథలో ఒక కంప్యూటర్ పదకొండు సార్లు ఆగిపోతుంది, ఒక ఆంజనేయస్వామి తోక సగంలో నిలిచిపోతుంది, ఒక మనిషి పరువు ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా బస్సెక్కి పోతుంది. ఆ మనిషిని నేనే. నవ్వొస్తే నవ్వుకోండి. ఎవరు ఎంతసేపు నవ్వారో నేను గుర్తుపెట్టుకుంటానని మాత్రం మరచిపోకండి.

ఆరేడేళ్ల కిందట ఆళ్లగడ్డలో, రాతి శిల్పులు పనిచేసే వీధిలో నాకొక చిన్న డీటీపీ దుకాణం ఉండేది. అర్జీలూ పెళ్లి పత్రికలూ టైపు చేసి నంద్యాల ప్రెస్సుకు పంపేవాణ్ణి. పక్క షెడ్డు శిల్పి బ్రహ్మయ్యది. ఆయన రాయి కోసే మిషను పొద్దస్తమానం ఒకే శ్రుతిలో జుమ్మంటూ ఉండేది. మధ్యాహ్నం ఎండ నా గుమ్మంలోంచి ఏటవాలుగా పడే వేళకు తెల్లటి రాతిపొడి ఆ వెలుగులో నింపాదిగా ఈదుకుంటూ లోపలికి వచ్చేది. చూస్తూ కూర్చుంటే కాలం కూడా పొడైపోయి గాలిలో తేలుతున్నట్టుండేది.

బ్రహ్మయ్యకూ నాకూ మాటలు అంతంత మాత్రమే. కారణం ఉంది. దుకాణం తెరిచిన కొత్తలో నేనుగా పోయి, "అన్నా, నీ షెడ్డుకు ఫ్లెక్సీ బోర్డు చేసిస్తా" అంటే, "నీ ఫ్లెక్సీ రెండు వానలకు పోతాదప్పా. నా పేరు నేనే రాతి మీద కొట్టుకుంటా" అన్నాడు. పక్కన ఇద్దరు విన్నారు. అందులో ఒకడు టీ పొలమారేదాకా నవ్వాడు. ఆ టీ గ్లాసుకు అంచు దగ్గర చిన్న పగులుండేదని ఈరోజుకీ చెప్పగలను.

అలాంటి బ్రహ్మయ్య ఒకరోజు తనే నా గుమ్మంలోకి వచ్చాడు. శిరివెళ్ల దగ్గర ఒక ఊరికి ఆరడుగుల ఆంజనేయస్వామిని చెక్కుతున్నాడు. ప్రతిష్ఠ పత్రిక నా దగ్గరే చేయించమని ఊరివాళ్లకు ఆయనే చెప్పాడట.

"పది దినాల్లో విగ్రహం ట్రాక్టర్ ఎక్కల్ల. అంతకు ముందే పత్రికలు ఊర్లో పంచల్ల" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "కింద 'శిల్పి' అని నా పేరు వేస్తామన్నారప్పా. ఇరవై ఏండ్ల నుంచి దేవుళ్లను చెక్కుతాండా. పత్రికలో పేరు పడేది ఇదే మొదలు. ఆ వరుస బాగా కనపడేటట్టు వెయ్యి."

'రాతి మీద కొట్టుకుంటానంటివే' అని అడగాలనిపించింది. మింగేశాను. అప్పుడే అడిగేస్తే తర్వాత తలచుకుని బాధపడడానికి ఏం మిగులుతుంది?

మా వీధిలో ఒక పద్ధతి ఉంది. దేవుణ్ణి చెక్కేటప్పుడు శిల్పులు చెప్పులు విడిచి కూర్చుంటారు. వాళ్లను చూసి నేనూ అలవాటు చేసుకున్నాను. 'శ్రీరస్తు' అని మొదలయ్యేది ఏదైనా సరే, చెప్పులు గుమ్మం బయట విడిచి, కాళ్లు కడుక్కుని టైపు చేసేవాణ్ణి. అర్జీలకు అంత మర్యాద అక్కర్లేదు, చెప్పులతోనే కానిచ్చేవాణ్ణి.

ఆ రోజు సంగటి తిని వచ్చి పత్రిక మొదలుపెట్టాను. పాదాల కింద నాపరాయి చల్లగా ఉంది. పక్కన మిషను జుమ్మంటోంది. నేను పగలు నిద్రపోయే మనిషిని కాను. కళ్లు మూసుకుని ప్రూఫు చూస్తాను, అంతే. అలా చూస్తుండగా అవుకు రిజర్వాయర్ కనిపించింది. గట్టున కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టాను. అక్షరాలన్నీ చేపపిల్లలై పాదాల చుట్టూ తిరుగుతున్నాయి. సున్నాలు బుడగలై పైకి లేస్తున్నాయి. కాలికి ఏదో నున్నటి గులకరాయి తగిలింది. ఎంత హాయిగా ఉందో! దాని మీద పాదం ఆనించి ఇంకా లోతుకు చూశాను. నీళ్లు నల్లబడ్డాయి.

కళ్లు తెరిస్తే నల్లబడింది కంప్యూటర్ తెర. టైపు చేసిందంతా గాలికి పోయింది.

రెండు రోజుల్లో ఇలా ఆరు సార్లు జరిగింది. మూడో రోజు సిస్టమ్ డబ్బాను తువ్వాలులో చుట్టి, ఒళ్లో పెట్టుకుని నంద్యాల బస్సెక్కాను. శిరివెళ్లలో ఎక్కిన ఒక పెద్దమ్మ పక్కన కూర్చుని తువ్వాలు వైపు జాలిగా చూసింది.

"ఏందప్పా, బిడ్డకు బాగలేదా?"

"కంప్యూటరమ్మా. ఉన్నట్టుండి ఆగిపోతాంది."

"అయ్యో! దిష్టి తీపిచ్చినావా?"

నంద్యాలలో రిపేరు చేసే దస్తగిరి డబ్బా విప్పి, దుమ్ము ఊది, ప్రాసెసర్‌కు కొత్త పేస్టు పూసి, పొద్దుగూకేదాకా సినిమా పాటలు పెట్టి నడిపించాడు. ఒక్కసారి కూడా ఆగలేదు.

"ఏం రోగం లేదన్నా. గుర్రం మాదిరి ఉరుకుతాంది."

"ఆడ ఆగిపోతాంది గదప్పా! పక్కన రాయి మిషను ఉంది. దాని దెబ్బకు కరెంటు పడిపోతాందేమో."

"యూపీఎస్ ఉంది గదన్నా, కరెంటు కాదు. అది సరే, ఆడ కూచునేది ఎవరు?"

"నేనే."

"ఊఁ" అన్నాడు దస్తగిరి. ఆ 'ఊఁ'కు అర్థమేంటో ఇప్పటికీ నాకు సంజాయిషీ చెప్పలేదు.

ఆళ్లగడ్డకు వచ్చి మళ్లీ చెప్పులు విడిచి కూర్చున్నాను. అవుకు నీళ్లు, చేపపిల్లలు, గులకరాయి, చీకటి. ఇక నా ఓపిక చచ్చింది. చెప్పులు తొడుక్కుని వచ్చి, బ్రహ్మయ్య మిషను మీద కరెంటాఫీసుకు మూడు పేజీల అర్జీ టైపు చేశాను. విచిత్రం, అర్జీ అయ్యేదాకా కంప్యూటర్ ఒక్కసారి కూడా కన్ను మూయలేదు. న్యాయం నా పక్కనుందనడానికి ఇంతకన్నా ఏం సాక్ష్యం కావాలి?

మర్నాడే లైన్‌మన్ వచ్చి, వైరింగ్ చూసేదాకా మిషను నడపొద్దని చెప్పి పోయాడు. స్వామి తోక సగంలో నిలిచిపోయింది. ఆ సాయంత్రం బ్రహ్మయ్య చెయ్యి ఆడించడానికి పనిలేక, పొడి రాలిన నేల మీద వేలితో తోక బొమ్మ గీస్తూ కూర్చున్నాడు. చూసీ చూడనట్టు తల తిప్పుకున్నాను.

అయితే, పాఠకులారా, మిషను ఆగిన రెండు రోజుల్లోనూ నా కంప్యూటర్ ఆగిపోతూనే ఉంది. పదోసారి ఆగినప్పుడు బ్రహ్మయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నా మిషను మూగదై రెండు దినాలాయె. నీది ఎందుకు ఆగుతాందప్పా?"

"పాత దెబ్బ లోపల ఉండిపోయింటాది. అర్జీకి ఆగల్యా, దేవుడి పత్రికకే ఆగుతాంది" అన్నాను.

"ఊర్లోవాళ్లు పొద్దున నుంచి నాలుగు సార్లు ఫోన్ చేసినారు. విగ్రహమూ లేదు, పత్రికా లేదు, ఏం చెప్పల్ల? నువ్వు పని చెయ్యి, నేను చూస్తా."

"నీకేం తెలుసన్నా కంప్యూటర్ల గురించి?"

"రాయి గురించీ ఏం తెల్దు. ఊరికే చూస్తా కూచుంటే అదే చెప్తాది."

స్టూలు మీద కూర్చుని, ఫోన్ చేతిలో పట్టుకుని చూడసాగాడు. మనిషి ఎదురుగా ఉండగా ప్రూఫు చూడకూడదనే అనుకున్నాను. కానీ ఎండ వచ్చి గుమ్మంలో వాలింది. పొడి మెల్లగా కదిలింది. అవుకు నీళ్లు పిలిచాయి. పాదానికి గులకరాయి తగిలింది.

పదకొండోసారి.

"చూస్తివా, ఊరికే ఆగిపోయింది!" అన్నాను కళ్లు తెరిచి.

బ్రహ్మయ్య ఫోన్ నా ముందు పెట్టాడు. వీడియో. అందులో ఎవరో పెద్దమనిషి నోరు తెరిచి గురక పెడుతున్నాడు. బల్ల కింద అతని కాలు మెల్లగా జరిగి, చల్లదనం వెతుక్కుంటూ పోయి, సిస్టమ్ డబ్బాను చేరింది. బొటనవేలు చిన్న గుంతలో ఉన్న పవర్ బటన్ మీద పడింది. పడి, లేవలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. లైటు ఆరిపోయింది. పెద్దమనిషి ముఖంలో చిరునవ్వు.

"ఆ వేలు ఎవరిదప్పా?"

"...నాది మాదిరే ఉంది."

"చెప్పులుంటే వేలు ఆ గుంతలోకి పోదు. అందుకే అర్జీకి ఆగల్యా" అని బ్రహ్మయ్య నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి, గుమ్మం దాటి, షెడ్డులోకి పోయి, అక్కడా నవ్వాడు. గడియారం చూశాను. నాలుగు నిమిషాలు.

డబ్బాను బల్ల మీదికెక్కించి గంటలో పత్రిక పూర్తి చేశాను. 'శిల్పి' వరుస అందరికన్నా పెద్ద అక్షరాల్లో వేసి ప్రెస్సుకు పంపాను. అర్జీని వెనక్కి తీసుకుంటూ ఇంకో అర్జీ ఇచ్చాను. మిషను మళ్లీ నడిచేసరికి విగ్రహానికి మిగిలింది రెండు రోజులే.

"నేనేమైనా చెయ్యల్లనా అన్నా?" అని షెడ్డు బయట నిలబడి అడిగాను.

"చెప్పులు ఇడ్సి రా. కోసేటప్పుడు చక్రం మీద నీళ్లు పడతా ఉండల్ల. పైపు పట్టుకో."

రెండు రోజులు పైపు పట్టుకున్నాను. బుద్ధిగా, మాట్లాడకుండా పట్టుకున్నాను. రెండో మధ్యాహ్నం తోక చివరి వంపు మిగిలింది. మిషను జుమ్మంటోంది. రాయి మీది నుంచి జారే నీళ్లు నా పాదాల చుట్టూ చల్లగా పారుతున్నాయి. ఆ తుంపర్ల మీద ఎండ పడి చిన్న ఇంద్రధనుస్సు లేచింది. అందులోంచి ఒక చేపపిల్ల నన్ను చూసి నవ్వింది. పాదానికి ఏదో మెత్తగా, గుండ్రంగా తగిలింది. హాయిగా ఆనించాను.

చక్రం కీచుమంది. బ్రహ్మయ్య చెయ్యి అదిరింది. తోక చివర నుంచి వేలెడంత పెచ్చు ఎగిరి నా ముందు పడింది.

"నీళ్లేవప్పా?"

ఇద్దరం కిందికి చూశాం. పైపు నా పాదం కింద ఉంది.

ఈసారి బ్రహ్మయ్య నవ్వలేదు. అదే భయం వేసింది. తోక కొసను వేలితో తడిమాడు. చివరకు ఉలి అందుకుని, పెచ్చు పోయినచోట తోకను ఇంకో చిన్న చుట్టు తిప్పాడు. శుక్రవారం పొద్దున స్వామి ట్రాక్టర్ ఎక్కాడు.

ప్రతిష్ఠకు నేనూ పోయాను. జనం విగ్రహం చుట్టూ తిరిగి వచ్చి వెనక ఆగిపోతున్నారు. ఊరి పెద్దాయన పత్రిక చేతిలో పట్టుకుని, పేరు చదువుకుని, బ్రహ్మయ్య భుజం తట్టాడు.

"అన్నీ ఒక ఎత్తు, ఆ తోక కొస ఒక ఎత్తు సామీ! అట్లాంటి చుట్టు నేను యాడా చూడల్యా. ఎట్లా తోచింది నీకు?"

బ్రహ్మయ్య అంతమంది ముందు నా వైపు వేలు చూపించాడు.

"నాకు యాడ తోచిందప్పా? అది ఈయప్ప కాలి గొప్ప."

ఆ స్వామి ఎదుట, కర్పూరం సాక్షిగా, ఆ నిమిషంలోనే ప్రమాణం చేశాను. ఇకమీదట లోకంలో ఏ యంత్రం ఆగినా, ముందు నా పాదాలు ఎక్కడున్నాయో వంగి చూసుకుంటాను. చూసుకున్నాకే పక్కవాడి మీద అర్జీ రాస్తాను.