తుమ్ము రాని కారం

వెంకటేశ్వరమ్మ ముప్పై ఏళ్లుగా మిరపకాయలు ఏరుతోంది. దర్శి దాటాక రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. అందులో నేల మీద పరిచిన పట్టా మీద పొద్దున కూర్చుంటే పొద్దు వాలేదాకా లేవదు. కుడివైపు మంచి కాయ, ఎడమవైపు తాలు. తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. వాన తగిలిందో, పురుగు పట్టిందో, కల్లంలో సరిగ్గా ఎండలేదో, మొత్తానికి ప్రాణం పోయిన కాయ. కొత్తగా వచ్చినవాళ్లు కళ్లతో చూసి ఏరతారు. ఆమె చూడదు. వేళ్లకే తెలిసిపోతుంది.

మొదటి ఏళ్లలో చేతులు మండేవి. మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. ఇప్పుడు మండవు. అలవాటైందో, చర్మం చచ్చిపోయిందో ఆమెకు తెలియదు. అడిగినవాళ్లు కూడా లేరు.

భర్త మాలకొండయ్య రెండెకరాలు కౌలుకు చేస్తాడు. అదీ మిరపే. ఒక్కతే కూతురు, శ్రీదివ్య. పొలం గట్ల మీద పరుగెత్తి పరుగెత్తి సరిహద్దు దళంలో చేరింది. నాలుగేళ్లయింది. ఆడపిల్లకి తుపాకీ ఏందని ఊళ్లో కొంతమంది అన్నారు. అన్నవాళ్లు అంటూ ఉండగానే ఆ పిల్ల అరుణాచల్ కొండల మీద పోస్టుకు వెళ్లిపోయింది. ఆదివారాలు సిగ్నల్ దొరికే రాయి ఒకటి ఉందట. దాని మీదికెక్కి ఫోన్ చేస్తుంది.

"ఏం తిన్నావే?" అని తల్లి అడగడం, "తిన్నాలే" అని కూతురు దాటవేయడం. ఒక ఆదివారం మాత్రం నిజం చెప్పింది.

"ఇక్కడ ఆకలి వెయ్యదమ్మా. గాలి పల్చన. అన్నం సరిగ్గా ఉడకదు. డబ్బాలో వచ్చిన కూర నోట్లో పెట్టుకుంటే అట్టముక్క నమిలినట్టుంటది. అందరం బక్కచిక్కి పోయాం."

ఆ మర్నాడు వెంకటేశ్వరమ్మ షెడ్డుకు వెళ్లలేదు. తమ చేలో మొదటి కోత కాయ రెండు చేటల నిండా తీసుకుంది. తొడిమలు తీసి ఎర్రగా వేయించింది. ధనియాలు, జీలకర్ర, గింజలు తీసిన చింతపండు, వెల్లుల్లి, కల్లుప్పు. నూనె చుక్క పడనివ్వలేదు, పడితే దారిలో మక్కు వాసన వస్తుంది. రోట్లో దంచి, రెండు సంచుల్లో పోసి, పైన గుడ్డ వేసి కుట్టింది. వేయిస్తున్నంతసేపూ వీధి వీధంతా తుమ్మింది. మాలకొండయ్య కండువా ముక్కుకు కట్టుకుని, "సరిహద్దు దాకా ఎందుకే, ఇక్కడే యుద్ధం పెట్టావు" అని తిట్టుకుంటూ పొలం పోయాడు.

పార్సెల్ చేరడానికి నలభై ఒక్క రోజులు పట్టింది. నలభై రెండో రోజు ఫోను. శ్రీదివ్య ఒకటే నవ్వు.

"పదకొండు మందిమి ఒక్క పూటలో సగం లేపేశామమ్మా. మణిపూర్ పిల్ల రొట్టెలో పెట్టుకుని తింటంది. మా ఆఫీసరు సాబ్ కళ్లెంట నీళ్లు కారుతుంటే తుడుచుకుంటా ఇంకో ముద్ద కలుపుకున్నాడు. దీని పేరేంటో తెలుసా ఇక్కడ? ఆంటీ పౌడర్."

ఆ మాట వెంకటేశ్వరమ్మకు పతకంలా ఉంది. అప్పటినుంచి ఏడాదికి రెండుసార్లు పంపింది. మూడో ఏడు వచ్చేసరికి ఈ సంగతి షెడ్డు యజమాని నాగేంద్రబాబు చెవిన పడింది.

ఆయన మిర్చి వ్యాపారి. కోల్డు స్టోరేజి ఉంది, మాట చెల్లుబాటు ఉంది. ఈమధ్యే వీరజవాను సేవా సమితి అని ఒకటి పెట్టి, దానికి తానే అధ్యక్షుడయ్యాడు. ఒకరోజు పట్టా పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"పదకొండు మందికేంది వెంకటేశ్వరమ్మా, మూడు పోస్టులకు పంపిద్దాం. మూడొందల పెట్టెలు. సబ్బులు, బిస్కట్లు, మేజోళ్లు సమితి చూసుకుంటది. కారం మాత్రం నీది."

"అట్టాగే బాబుగారూ. కాయ నేనే ఏరతా. వేయించేది గూడా నేనే. ఇంకో నలుగురిని తోడిస్తే చాలు."

"నీకెందుకమ్మా అంత శ్రమ? పాళ్లు చెప్పు. మిల్లులో ఆడిస్తాం."

ఆమె పాళ్లు చెప్పింది. గుమస్తా రాసుకున్నాడు. ఆమెను గోడకు నిలబెట్టి ఫొటో తీశారు. పమిట సర్దుకోమన్నారు, నవ్వమన్నారు. ఆమెకు నవ్వడం రాలేదు, అయినా సరిపోతుందన్నారు. ఆదివారం కూతురికి చెప్పింది. కూతురు సాబ్‌కి చెప్పింది. సాబ్ మిగతా రెండు పోస్టులకూ కబురు చేశాడు. మంచు కరిగి దారి తెరుచుకోగానే మొదటి లారీలు పైకి వెళ్తాయి, పెట్టెలు ఆ లోపు కొండ కిందికి చేరితే చాలన్నాడు. ఈసారి ఎటూ సమితి పంపుతోంది కదా అని వెంకటేశ్వరమ్మ ఇంట్లో కారం కొట్టలేదు. ఆ తప్పు ఆమెదే.

పంపే రోజు వచ్చింది. షెడ్డు ముందు షామియానా. బ్యానర్ మీద నాగేంద్రబాబు మంచుకొండంత ఉన్నాడు. కింద వరసలో సైనికులు చీమలంత ఉన్నారు. షెడ్డు లోపల నలభై మంది ఆడవాళ్లు పెట్టెలు సర్దుతున్నారు. కారం పొట్లాలు సీలు వేసి వచ్చాయి. ప్రతి పొట్లం మీదా వెంకటేశ్వరమ్మ బొమ్మ. కింద 'అమ్మ చేతి కారం' అని అచ్చు.

"నీ మొహం భలే పడిందక్కా," అంది నస్రత్. ఇద్దరిదీ ఇరవై ఏళ్ల స్నేహం, ఒకే పట్టా మీద. "అచ్చం ఓటు అడిగేదాన్లా ఉన్నావు."

"ఊరుకోవే."

సీలు సరిగ్గా పడని పొట్లాలు కొన్ని చిట్లిపోయి కారం పట్టా మీద పడుతోంది. ఆడవాళ్లు చేత్తో తుడిచి పక్కకు నెడుతున్నారు. కబుర్లు చెప్పుకుంటున్నారు. ఫ్యాను తిరుగుతోంది. వెంకటేశ్వరమ్మకు ఏదో లోటుగా అనిపించింది. కాసేపటికి గాని అదేమిటో తట్టలేదు. ఎవరూ తుమ్మడం లేదు.

నలభై మంది. మూడొందల పొట్లాల కారం. పైన ఫ్యాను గాలి. ఒక్క తుమ్ము లేదు, ఒక్క దగ్గు లేదు.

ఆమె పట్టా మీది పొడి చిటికెడు తీసి అరచేతిలో వేసి రుద్దింది. మరీ ఎరుపు. కొంగుతో తుడిస్తే పొడి పోయింది గాని చేతి గీతల్లో రంగు నిలిచిపోయింది. వాసన చూసింది. అడుగున బూజు వాసన. ఆ బూజు ఆమెకు తెలుసు. జనవరి వానకు కల్లాల్లో తడిసిన కాయ. తన చేత్తోనే ఏరి ఎడమవైపు పోసింది. నలభై టిక్కీలు, నలభై బస్తాల తాలు, షెడ్డు మూలన పడి ఉండేవి. పోయిన వారం చూస్తే మూల ఖాళీగా ఉంది.

కారం మిల్లు జక్రయ్య గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"జక్రయ్యా, నువ్వు ఆడించింది ఏ కాయ?"

"ఆయన పంపిన కాయ." అతను మొహం తిప్పుకున్నాడు. "నన్నడగమాక అక్కా. నా పొట్ట కొట్టమాక."

"రంగో?"

"రంగు నా మిల్లులో కలపలా. దేవుడి మీద ఒట్టు. ఆ తర్వాత యాడ కలిపారో నాకు తెలవదు."

ఆమె అక్కడే నిలబడిపోయింది. ముప్పై ఏళ్లు. ఎన్ని వేల టిక్కీల తాలు ఎడమవైపు పోసి ఉంటుంది! పారబోయడానికైతే కూలిచ్చి ఏరించరు. ఎవరో కొంటున్నారు, ఎవరో తింటున్నారు. ఏ హాస్టల్ పిల్లలో, ఏ రోడ్డు పక్క హోటల్లో ఆకలిగొన్నవాళ్లో. ఏనాడూ ఆమె అడగలేదు. ఏరడం తన పని, అంతే అనుకుంది. ఇప్పుడు ఆ తాలు తన బొమ్మ అంటించుకుని తన కూతురి కంచంలోకి పోతోంది. ఇక్కడిదాకా వస్తేగాని కోపం రాలేదే అనుకుంటే ఆమెకు తన మీదే అసహ్యం వేసింది. ఆ అసహ్యం కోపాన్ని చల్లార్చలేదు. ఇంకా రాజేసింది.

నాగేంద్రబాబు వేదిక పక్కన భోజనాల దగ్గర ఉన్నాడు. ముందు మెల్లగానే అడిగింది.

"బాబుగారూ, ఈ కారం తాలుది."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఉత్తరాది పిల్లలమ్మా. మన తేజ రకం కాయ వాళ్లు తట్టుకోలేరు. అందుకని కొంచెం మెత్తటిది వేయించా. వాళ్ల మంచికే."

"మూడేళ్ల నించి మా కాయే తింటన్నారు."

"ఇదిగో, దానంగా ఇచ్చేదానికి ఎక్స్‌పోర్టు కాయ పోస్తారా ఎవరన్నా? ఇచ్చేదే గొప్ప. నలుగురిలో రచ్చ చెయ్యకు. పో, పోయి ఫొటోకి నిలబడు."

ఆ మాటతో ఆమె వెనక్కి తిరిగింది. ఫొటోకి పోలేదు. వడ్డన బల్ల మీది విస్తరాకు తీసుకుని అన్నం పెట్టుకుంది. ఒక పొట్లం పళ్లతో చించి అన్నం మీద సగం గుమ్మరించింది. నెయ్యి వేసి కలిపింది. కూతురికి ఎన్నేళ్లు కలిపి పెట్టిందో అలాగే, తొందర లేకుండా, మెతుకు మెతుక్కీ పట్టేలా. జనం చూస్తున్నారు. ఆమె మొదటి ముద్ద తానే తిన్నది. మట్టి తిన్నట్టుంది, చివర చేదు. మింగింది. రెండో ముద్ద చేసి, విస్తరితో సహా తెచ్చి ఆయన ముందు నిలబడింది.

"తినండి బాబుగారూ."

"ఏందిది?"

"అమ్మ చేతి కారం. పొట్లం మీద మీరే అచ్చేయించారుగా. తినండి. మీరు తింటే బండి కదలనిద్దాం."

"నాకు... గ్యాస్ ట్రబులమ్మా. డాక్టర్ కారం మాన్పించాడు."

వెనక ఎవరో, "మిర్చి షావుకారికి గ్యాస్ ట్రబులంట రోయ్!" అన్నారు. కుర్చీల్లో నవ్వు లేచింది.

నస్రత్ ఆడవాళ్ల మధ్యనుంచి ముందుకు వచ్చింది. "మీకు డాక్టరున్నాడు బాబుగారూ. ఆ కొండ మీద వాళ్లకు కడుపునొప్పి వస్తే ఎవురున్నారు? హెలికాప్టర్ రావాలంట. శ్రీదివ్యే చెప్పింది."

"ఏయ్, నువ్వెవరివే మధ్యలో?"

"తాలు ఏరినదాన్ని. ఆ నలభై టిక్కీల్లో సగం నా చేతులే."

నాగేంద్రబాబు ఆ ముద్ద వంక చూశాడు. వెంకటేశ్వరమ్మ చెయ్యి దించలేదు. అన్నం ముద్ద చల్లారుతోంది, వేళ్ల సందుల్లో రంగు ఎర్రగా దిగుతోంది. ఆయన ఒక్క మెతుకు నోట పెట్టినా ఏమయ్యేదో చెప్పలేం. పెట్టలేదు. ఫోన్ మోగకుండానే ఫోన్ చెవిన పెట్టుకుని కారు వైపు నడిచాడు.

వ్యాన్ డ్రైవర్ ఖాజావలి ఇదంతా బీడీ చేత్తో పట్టుకుని చూస్తున్నాడు. బీడీ ఆర్పి, వెనక తలుపు కొక్కెం తీశాడు.

"దించుకోండమ్మా. నా బండిలో ఇది పోదు."

నలభై మంది ఆడవాళ్లూ మూడొందల పెట్టెలు విప్పి కారం పొట్లాలు బయటకు తీశారు. సాయంత్రం దాకా పట్టింది. సబ్బులు, బిస్కట్లు, మేజోళ్లతో బండి కదిలింది. ఆ రాత్రి బయల్దేరితేనే లారీలను అందుకుంటుంది. కారం వేయించి, దంచి పంపడానికి ఇక వ్యవధి లేదు.

మర్నాడు పేపర్లో నాగేంద్రబాబు జెండా ఊపుతున్న ఫొటో పడింది. అది గొడవకు ముందు, పొద్దున్నే తీసింది. 'సరిహద్దుకు మన ఘాటు' అని శీర్షిక. షెడ్డు మేస్త్రి ఇంటికి వచ్చి, రేపటినుంచి ఆమె, నస్రత్ ఇద్దరూ రావద్దని, గడప బయటే నిలబడి చెప్పిపోయాడు. మాలకొండయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. తర్వాత, "చెప్పు తీసుకుని కొట్టలేకపోయావా?" అన్నాడు. అంతకంటే గట్టిగానే కొట్టాననుకుంది. అయినా చాల్లేదు. ఆ పొట్లాలు ఎక్కడికి తీసుకుపోయారో ఎవరూ చెప్పడం లేదు. మర్నాటికి షెడ్డు ముందు ఒక్కటి కూడా లేదు. తన బొమ్మతోనే అవి ఏ ఊళ్లో అమ్ముడుపోతున్నాయో.

మూడు వారాల తర్వాత ఆదివారం ఫోన్ మోగింది.

"పెట్టెలు వచ్చినయ్యమ్మా. కారం లేదేంటి? అందరికీ చెప్పుకున్నానే. మూడు పోస్టులూ అడుగుతున్నయ్. నా పరువేం కావాలి?"

వెంకటేశ్వరమ్మ చెప్పింది. తుమ్ము రాకపోవడం దగ్గరనుంచి కారు వెళ్లిపోయేదాకా, దాచకుండా. తాను ముప్పై ఏళ్లు అడగకపోవడం కూడా చెప్పింది. తర్వాత శ్రీదివ్య ఎవరితోనో హిందీలో మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది. మధ్యలో మగగొంతు ఏదో అడిగింది.

"అమ్మా, మా సాబ్ అడుగుతున్నాడు. ఆయన తిన్నాడా అని."

"తినలా."

మళ్లీ హిందీ. అటువైపు నలుగురైదుగురు ఒక్కసారి నవ్వారు.

"అయితే మనమూ తినక్కర్లేదులే అంటన్నాడు. ఆంటీకి సెల్యూట్ చెప్పమన్నాడు."

వెంకటేశ్వరమ్మ నవ్వలేదు.

"మళ్లీ లారీలు ఎప్పుడే?"

"రెండు నెలలమ్మా. వానలకి కొండ విరక్కుండా ఉంటే."

"అందాకా ఏం తింటారు?"

కూతురు ఈసారి దాటవేయలేదు.

"డబ్బా కూర," అంది.