మీ తాత దిక్కుల వాచీ

రాసుకో నాయనా. మీ తాతకు దిక్కులు చూపే వాచీ ఎందుకు కావలసి వచ్చిందో ముందు చెబుతాను. పార్టీల గొడవలో ఆయన మీద జమ్మలమడుగు కోర్టులో కేసు పడింది. వాయిదాకు పోకపోతే వారెంటు. బస్సేమో ఎదుటి పార్టీ వాళ్ల ఊరి మీదుగానే పోతుంది. ఆడవాళ్ల జోలికి రారు కనుక నేను బస్సెక్కేదాన్ని. ఆయన ప్రాణం దక్కాలంటే గుట్టల్లో పడి నడవాలి.

కువైట్ నుంచి వచ్చిన మా పక్కింటి సాయిబుల అబ్బాయి రెండు వాచీలు ముందర పెట్టాడు. ఒకటి బంగారు రంగుది. ఇంకోటి నల్లది, దాంట్లో చిన్న ముల్లు ఉత్తరం చూపుతుంది. జమ్మలమడుగు మనకు సరిగ్గా ఉత్తరానే. నమాజుకు దిక్కు తెలియడానికట. మీ తాత చెయ్యి బంగారు రంగుదాని మీదికే పోయింది. నేను కసిరితే నల్లది తీసుకున్నాడు.

"మామా, చెమట పడితే తుడుస్తా ఉండు. చూసేటప్పుడు చెయ్యి పళ్లెం మాదిరి పట్టుకో. ఇనుము దగ్గరికి మాత్రం పోనీయాకు, ముల్లు తిక్కతిక్కగా తిరుగుతాది."

"అట్లే లేప్పా."

ప్రొద్దుటూరు పోయి తోలు పట్టీ వేయించాడు. రోజూ మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. నన్ను ఎన్నడూ అంత శ్రద్ధగా చూసుకోలేదు.

వాయిదా రోజు ముసురు పట్టింది, ఎండ జాడే లేదు. మీ తాత నడుములో వేటకొడవలి దోపుకున్నాడు.

"ఇనుము వద్దన్యాడు గదయ్యా?"

"ఇది ఇనుమేందే, ఆయుధం! ఉత్తచేతుల్తో పోతే నవ్వరా?"

గుట్ట మీద ఆయన ఎటు తిరిగినా ముల్లు ఆయన నడుమునే చూపించిందట. ముల్లు పక్కకు తిరగలేదు గనక దారి సరిగ్గానే ఉందని నమ్ముకుని నడిచి నడిచి, ఎదుటి పార్టీ నాయకుడి కల్లంలో దిగాడు.

"ఏమప్పా, చావడానికి ఇంత పొద్దున్నే వచ్చినావే?" అన్నాడట నాయకుడు.

"వాయిదాకు పోతాండా. దారి తప్పినా."

"మాకూ ఈ పొద్దే వాయిదా. నీకేమన్నా అయితే మా బెయిలు పోతాది. రేయ్, ఈయప్పను జీపులో నడిమధ్య కూచోబెట్టండ్రా! ఆ కొడవలి ఈడ్నే పెట్టిపో."

కొడవలి తీయగానే ముల్లు బుద్ధిగా జమ్మలమడుగు వైపు నిలబడిందట.

నేను కోర్టు గేటు దగ్గర దేవుళ్లందరికీ మొక్కుకుంటున్నాను. ఎదుటి వాళ్ల జీపు వచ్చి ఆగింది. ఆ నాయకుడే చెయ్యిచ్చి మీ తాతను దించాడు. వారెంటు తప్పింది. నా పక్కనే ఉన్న మన పార్టీ పెద్ద మొహం మాత్రం నల్లబడింది.

"ఎన్నాళ్లాయప్పా, ఆ పక్కకు పోయి?"

"లేదన్నా, వాచీ తప్పు జూపిచ్చింది."

"వాచీ టైం జూపిస్తాది గానీ ఊరు జూపిస్తాదా?"

మీ తాత చెయ్యి చాపి ముల్లు చూపించబోయాడు. ఆయన అటు చూడనే లేదు.

ఆ తర్వాత వచ్చిన ఎన్నికలకు మన పార్టీ వాళ్లు మన గడప తొక్కలేదు. ఓటడగడానికి ఎదుటి పార్టీ వాళ్లే వచ్చి, మీ తాత ఆరోగ్యం కూడా అడిగి పోయారు.