అన్న జీపుకు ప్రెషర్ సెన్సర్

జగిత్యాలలో మా అన్న షెడ్డులో ఒక పాత జీపు ఉంది. దాని బానెట్ కింద ఉన్న ఇంజన్ లాంటిది మా చుట్టుపక్కల ఇంకొకటి ఉందని నేను వినలేదు. మామూలు ఇంజన్‌లో పిస్టన్లు ముందుకూ వెనక్కూ ఆడతాయి. ఇందులో పిస్టన్లే లేవు. బొద్దుగా ఉన్న మూడు మూలల రోటర్లు గుండ్రంగా తిరుగుతాయి. ఒక్కో మూలన, గాలి పక్కకు జారకుండా ఆపే సన్నటి సీలు ఉంటుంది. పైగా గాలిని బలవంతంగా లోపలికి నెట్టే టర్బో కూడా ఉంది.

అన్న చాలా ఏళ్లు షార్జాలో ఇలాంటి ఇంజన్లు బాగుచేసే గ్యారేజీలో పనిచేశాడు. యజమాని గ్యారేజీ మూసేస్తూ, ఒక మూలన విడిభాగాలుగా పడి ఉన్న ఈ ఇంజన్‌ను అన్నకు ఇచ్చేశాడు. ఓడలో వచ్చిన పెట్టెలు విప్పినప్పుడు వదినె, "బంగారం తెస్తడనుకుంటే ఇనుము తెచ్చిండు" అని పకపకా నవ్వింది. ఆ ఇనుమునే అన్న కూర్చి ఈ పాత జీపుకు ఎక్కించాడు.

ఏళ్ల తరబడి మోతలో పనిచేయడంతో అన్నకు చెవులు మందగించాయి. మాటలు వినిపిస్తాయి, సన్నటి చప్పుళ్లు వినిపించవు. ఇంజన్ లోపల పెట్రోల్ తప్పుగా మండితే వచ్చే కిటకిట శబ్దాన్ని ఒకప్పుడు గేటు అవతలి నుంచే పట్టేసేవాడు. ఇప్పుడు పక్కన నిలబడినా పట్టలేడు. ఆ సంగతి ఆయన ఎవరి దగ్గరా దాచలేదు. నాకు ఫోన్ చేసి మొదట చెప్పిన మాట కూడా అదే.

"చెల్లె, నాకు ఇనవడదు. గందుకే నంబర్ కరెక్టు చెప్పే సెన్సర్ కావాలె. నువ్వు జెర చూసి పెట్టు."

నేను సిరిసిల్లలో ఒక సైజింగ్ యూనిట్‌లో పనిచేస్తాను. మగ్గాలకు ఎక్కించే ముందు నూలుకు గంజి పట్టించే చోటు అది. అక్కడి ఆవిరి గొట్టాల మీదా, గాలి గొట్టాల మీదా ఉండే మీటర్లూ సెన్సర్లూ చూసుకోవడం నా పని.

అన్నకు కావలసింది ఏమిటో అర్థమైంది. ఇంజన్‌కు చిన్న కంప్యూటర్ ఉంటుంది. లోపల గాలి ఒత్తిడి ఎంతుందో సెన్సర్ చెబితే దానికి తగినంత పెట్రోల్ వదులుతుంది. సెన్సర్ తక్కువ చెబితే పెట్రోల్ తక్కువ పడుతుంది, మంట అదుపు తప్పుతుంది, రోటర్ల సీళ్లు విరుగుతాయి. ఆ సీళ్లు మా వైపు ఎక్కడా దొరకవు.

"మీ కంపెనీల ఉండేటివి పనికస్తయా?" అని అడిగాడు.

"రావన్నా. గవి బయటి గాలినే సున్న అనుకుంటయి. నీ ఇంజన్ మెల్లగ తిరిగేటప్పుడు లోపలి గాలి బయటికన్న తక్కువుంటది. గది వాటికి తెల్వదు. అసలు గాలే లేకుంటే సున్న అనేటిది కావాలె."

"మరి మామూలు పెట్రోల్ కార్లది?"

"అది బయటి గాలి దాకనే చూస్తది. నీ టర్బో అంతకు రెట్టింపు చేస్తదంటివి గదా. మూడింతల దాక చదివేది తీసుకుందాం. పైన జెర జాగ ఉంటది."

ఆదివారం ఇద్దరం కోరుట్లలో కలిశాం. స్పేర్‌పార్టుల షాపాయన టర్బో డీజిల్ కార్లలోంచి తీసిన పాత సెన్సర్లు రెండు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. చూడటానికి కవల పిల్లల్లా ఉన్నాయి. వాటి మీద అంకెలు అరిగిపోయాయి. రెండూ కొనుక్కొని షెడ్డుకు వచ్చాం. మా సూపర్‌వైజర్‌ను అడిగి తెచ్చిన చేతి పంపునూ, నమ్మకమైన మీటర్‌నూ బయటికి తీశాను. సెన్సర్‌కు మూడు వైర్లు. ఒకదానికి ఐదు వోల్టులు ఇచ్చాం, ఒకటి గ్రౌండ్, మూడోదాని మీద వచ్చే వోల్టేజీ చూస్తూ కొద్దికొద్దిగా గాలి పెంచాం. మొదటి సెన్సర్ బయటి గాలికి రెట్టింపు దాటగానే ఆగిపోయింది. రెండోది మేం పెంచిన కొద్దీ తిన్నగా పైకి పోయింది. అన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"గిది నిజం చెప్తది," అన్నాడు.

ఇక దాన్ని ఎక్కడ కలపాలి? ఆక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే కవాటం దాటాక, గాలి ఇంజన్‌లోకి పోయే ముందు చేరే అల్యూమినియం గది ఒకటి ఉంది. అక్కడి ఒత్తిడే కావాలి. ఆ గదికి ఒక చిన్న ముక్కు ఉంది కానీ, దానికి అప్పటికే టర్బోను అదుపు చేసే పైపు తొడిగి ఉంది. దాన్నే రెండుగా చీల్చి ఒకటి సెన్సర్‌కు ఇద్దామన్నాను.

"ఒద్దు. ఒక్క పైపుకు ఇద్దరైతే ఒకరి పని ఇంకొకరికి అడ్డమొస్తది. కొత్త ముక్కే చేద్దాం."

డ్రిల్లు బిట్టుకు గ్రీజు పూస్తే అల్యూమినియం పొట్టు దానికే అంటుకుంటుంది, బిగించి ఉండగానే రంధ్రం వేయొచ్చని చెప్పాను. అన్న వినలేదు. ఒక్క పొట్టు లోపల పడినా సీలు పోతుందన్నాడు. మధ్యాహ్నమంతా కూర్చుని ఆ గదిని మొత్తం విప్పాడు. బయట బల్ల మీద పెట్టి రంధ్రం వేశాడు, మరలు కోశాడు, పెట్రోల్‌తో కడిగాడు, గాలి కొట్టాడు, మళ్లీ కడిగాడు. వదినె అన్నానికి రెండుసార్లు పిలిచింది. నేను పోయి తిన్నాను. ఆయన మాత్రం చివరి బోల్టు బిగించాకే చేతులు కడుక్కున్నాడు. అంత ఓపికను నేనింకెవరిలోనూ చూడలేదు.

సెన్సర్‌ను అదిరే ఇంజన్ మీద కాకుండా జీపు బాడీకి, పైపు కంటే ఎత్తులో బిగించాం. అప్పుడు పైపులో తడి చేరినా సెన్సర్‌లోకి రాదు. గ్రౌండ్ వైరును ఇంజన్‌కు కాకుండా నేరుగా కంప్యూటర్‌కే ఇచ్చాను. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండానే, దాని కంప్యూటర్‌కు తగిలించిన ల్యాప్‌టాప్‌లో చూస్తే బయటి గాలి ఒత్తిడి తొంభై ఎనిమిది కిలోపాస్కల్ అని కనిపించింది. అన్న మొహం వాడిపోయింది.

"తప్పు చూపెడ్తుంది. ఎప్పుడు చూసినా నూటొకటి ఉండాలె."

"షార్జల సముద్రం పక్కపొంటి ఉన్నవన్నా. మన జగిత్యాల ఎత్తు మీదుంది. ఇక్కడ గాలే జెర పలుచన," అని నా ఫోన్‌లో ఉన్న గాలి ఒత్తిడి మీటర్ తీసి చూపించాను. అదీ తొంభై ఎనిమిదే. అన్న పెద్దగా నవ్వాడు.

మరుసటి ఆదివారం జీపును ఊరి బయట ఒక వెంచర్‌కు తీసుకుపోయాం. ప్లాట్లకు రోడ్లు వేసి ఉన్నాయి, ఇంకా ఒక్క ఇల్లూ లేవలేదు. వాచ్‌మన్‌తో అన్న ముందే మాట్లాడి ఉంచాడు. వదినె కూడా మాతో వచ్చి రోడ్డు పక్కన నిలబడింది. అన్న నడుపుతుంటే నేను పక్క సీట్లో ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్చున్నాను. అంకె నూట డెబ్బై దగ్గర మేం పెట్టుకున్న గీత దాటితే నేను చెయ్యి ఎత్తాలి, ఆయన కాలు తీయాలి. అదీ ఒప్పందం.

మొదటిసారి అంకె చక్కగా పైకి పోయి కిందికి దిగింది. రెండోసారి టర్బో ఈలతో పాటు జీపు ఒక్కసారిగా ముందుకు ఉరికింది. అంకె నూట ఇరవై దగ్గర నిలిచిపోయింది. గీత దాటలేదు కాబట్టి నా చెయ్యి ఒళ్లోనే ఉంది. కానీ అన్న కాలు అప్పటికే తీసేశాడు.

"ఏమైందన్నా? నేను చెయ్యి లేపలే గదా."

"సీటు నా యీపును గంత గట్టిగ నూకింది, నీ చెయ్యేమో లేవకపాయె. నీ నంబర్ ఎంత?"

చెప్పాను. ఆయన జీపు పక్కకు ఆపి బానెట్ ఎత్తాడు. సెన్సర్ పైపు టర్బో వేడికి మెత్తబడి, వంపు దగ్గర మడత పడింది. గాలి సెన్సర్ దాకా రావడమే లేదు. ఇంకాసేపు తొక్కి ఉంటే కంప్యూటర్ పెట్రోల్ తక్కువ పోసేది, సీళ్లు పోయేవి. చెవులు మందగించిన మనిషి, వీపుతో గుర్తుపట్టాడు. ఆయన మాత్రం ఏమీ జరగనట్టే, జీపు వెనక పెట్టుకున్న సామాన్లలోంచి వేడిని తట్టుకునే మందపాటి పైపును తీసి, టర్బోకు దూరంగా తిప్పి, క్లిప్పులు వేసి బిగించాడు.

ఆ తర్వాత ఎన్నిసార్లు తొక్కినా అంకె టర్బోతో పాటే లేచింది, దానితో పాటే దిగింది. నూట డెబ్బై దగ్గర నేను చెయ్యి ఎత్తాను, అన్న కాలు తీశాడు. ఇంకా తొక్కుదామని నాకే అనిపించింది.

"ఇయ్యాలటికి చాలు. ఇంజన్ మంచిగున్నప్పుడే ఆపాలె," అన్నాడు.

ఎండలో నిలబడి చూస్తున్న వదినె అప్పుడు దగ్గరికి వచ్చి నన్ను సీట్లోంచి లేపింది. చీర కొంగు నడుముకు దోపుకుని ఎక్కి కూర్చుంది. అన్న ఆమె కోసం జీపును మెల్లగా, ఖాళీ ప్లాట్ల చుట్టూ తిప్పాడు.