పచ్చివి తినే పిల్ల

సోమవారం పొద్దున ఏడు గంటలకు, అశోక్ నగర్‌ల నేను ఊడ్చే హాస్టల్ మెట్ల మీద ఆ పిల్ల కళ్లు తిరిగి పడ్డది. గవర్నమెంటు నౌకరీ పరీక్షకు చదువుతున్నది. మెస్సుకు కట్టలేక గదిలనే అన్నం వండుకునేది. కరెంటు బిల్లు పెరుగుతున్నదని ఓనరు కుక్కరు గుంజుకున్నడు. అప్పటినుంచి నానబెట్టిన పెసలు, చిక్కడపల్లి మార్కెట్ల మిగిలిపోయిన ముల్లంగి. నమిలేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

"ఏంది బిడ్డా, మేక లెక్క?" అంటే, "డైట్ అమ్మా, పచ్చివైతేనే బలం" అనేది.

పడ్డ పిల్ల మొఖం మీద ఓనరు నీళ్లు చల్లిండు. "ఏం డైట్‌లమ్మా ఇవి? రేపు మీ ఇంటోళ్లు నన్నంటరు."

కుక్కరు మాటెత్తితే గది ఖాళీ చెయ్యమంటడు, పరీక్షేమో దగ్గరికొచ్చింది. ఆ పిల్ల లేచి కూసొని, "తప్పు నాదే సార్, ఇకనుంచి సరిగ్గ తింట" అన్నది.

అప్పుడక్కడ ఓనరు, ఆయన భార్య, పక్క గది పిల్లలిద్దరు, చీపురు పట్టుకొని నేను ఉన్నం. కుక్కరు సంగతి అందరికీ ఎరుకే.